పిల్లికి యాంటీబయాటిక్స్ పనిచేయకపోతే ఏం చేయాలి? టెస్ట్ దగ్గర్నుంచి ఇల్లు కడగడం దాకా

పిల్లికి చీముగడ్డ లేచినా, నాలుగు రోజులు వరుసగా తుమ్మినా, మూత్రానికి ఇబ్బంది పడినా మన దగ్గర చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. మనుషులకు తెచ్చి మిగిలిపోయిన గోళీని సగానికి విరిచి, పొడి చేసి, పాలల్లో కలిపి ముందు పెడతాం. లేదంటే మెడికల్ షాపుకు పోయి "పిల్లికి బాగాలేదన్నా, ఏదైనా యాంటీబయాటిక్ ఉంటే ఇవ్వు" అని అడుగుతాం. రెండు రోజుల్లో కాస్త తేరుకోగానే మందు ఆపేస్తాం. పది పదిహేను రోజులకు గడ్డ మళ్లీ లేస్తుంది. ఈసారి ఇంకో గోళీ. ఇట్లా మూడు నాలుగు మందులు మారాక పిల్లిని బుట్టలో పెట్టుకుని పట్నం పోతే, అక్కడ టెస్ట్ చేసి "దీనికి మామూలు మందులేవీ పనిచేయవు" అంటారు. అక్కడ మొదలవుతుంది టెన్షన్. పిల్లి బతుకుతుందా? ఇంట్లో పిల్లలకు అంటుకుంటుందా? అసలు దీన్ని ఇంట్లో ఉంచుకోవచ్చా?

నల్లగొండలోనో, మిర్యాలగూడలోనో, పాలమూరులోనో, జడ్చర్లలోనో పిల్లిని పెంచుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ పరిస్థితి రాకుండా ఏం చేయాలి, వచ్చాక ఏం చేయాలి అన్నది వరుసగా చెప్తాను. ఒక్క విషయం మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి. పిల్లి మన పరుపు మీద పడుకుంటుంది, మన చేతులు నాకుతుంది, మనం దాన్ని ఎత్తుకుంటాం. దాని బ్యాక్టీరియా మనకు, మనవి దానికి వస్తూ పోతూ ఉంటాయి. కాబట్టి పిల్లికి ఇష్టమొచ్చినట్టు వేసిన మందు ప్రభావం ఇంటిల్లిపాది మీదా ఉంటుంది.

మందులకు లొంగని ఈ బ్యాక్టీరియా ఏమిటి?

మందు పడ్డప్పుడు బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, తట్టుకోగలిగింది మిగిలి పెరుగుతుంది. పైగా ఆ తట్టుకునే గుణాన్ని ఒక బ్యాక్టీరియా పక్కనున్న ఇంకో రకానికి కూడా అందించగలదు. పెన్సిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే, చాలీచాలని డోసు వాడితే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయని హెచ్చరించాడు. సగం గోళీ వైద్యానికి ఆ హెచ్చరిక అచ్చంగా వర్తిస్తుంది.

రిపోర్టుల్లో మీకు ఎక్కువగా కనిపించే పేర్లు రెండు. ఒకటి ఎంఆర్‌ఎస్‌ఏ. చర్మం మీద, ముక్కులో ఉండే స్టాఫ్ అనే బ్యాక్టీరియాలో మందులకు లొంగని రకం ఇది. పుండ్లలో, ఆపరేషన్ కుట్లలో చేరుతుంది. 1961లో బ్రిటన్‌లో మొదట బయటపడింది. రెండోది ఈఎస్‌బీఎల్. ఇది ఒక బ్యాక్టీరియా పేరు కాదు. ఈ.కోలై లాంటి పేగుల్లోని బ్యాక్టీరియా తయారుచేసే ఎంజైముల పేరు. సెఫిక్సిమ్, సెఫ్‌ట్రియాక్సోన్ లాంటి పెద్ద మందులను కూడా ఇవి పనికిరాకుండా చేస్తాయి. ఇలాంటి బ్యాక్టీరియా పిల్లి మలంలో బయటికొస్తుంది.

పిల్లి మీద నింద వేసే ముందు ఇంకో సంగతి. పిల్లుల్లో దొరికే ఎంఆర్‌ఎస్‌ఏ చాలావరకు మనుషుల్లో తిరిగే రకమే. అంటే మన నుంచే దానికి పోయి ఉండవచ్చు. బ్రిటన్‌లో వృద్ధుల వార్డులో తిరిగే ఒక పిల్లి గురించి 1988లో వైద్య పత్రికలో వచ్చింది. వార్డులో ఎంఆర్‌ఎస్‌ఏ తగ్గకపోతుంటే వెతికి చూడగా ఆ పిల్లి దగ్గర కూడా అదే దొరికింది. ఆసుపత్రి నుంచి పిల్లికి, పిల్లి నుంచి మళ్లీ మనుషులకు తిరగగలదని అప్పుడే అర్థమైంది.

మొదటి పని: మందు అవసరమో కాదో తేల్చుకోవడం

తుమ్ములు, కళ్లలో నీళ్లు ఉంటే చాలాసార్లు కారణం హెర్పిస్, కాలిసి అనే వైరస్‌లు. వైరస్ మీద యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. పిల్లి తింటూ, హుషారుగా ఉంటే పది రోజుల దాకా గమనించవచ్చు. ముక్కు నుంచి చిక్కగా పసుపు, ఆకుపచ్చ చీమిడి కారుతూ, జ్వరం ఉండి, తిండి మానేస్తే మాత్రం దవాఖానకు పోవాల్సిందే. రెండు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

మూత్రం సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. పదేళ్ల లోపు పిల్లుల్లో మూత్రం ఇబ్బందికి బ్యాక్టీరియా కారణం కావడం అరుదు. ఒత్తిడి, నీళ్లు తక్కువ తాగడం, మూత్రంలో రాళ్లు, స్ఫటికాలు లాంటివే ఎక్కువ. అందుకే యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని గోళీలు వేయడం దాదాపు ప్రతిసారీ వృథా. కానీ మగపిల్లి మాటిమాటికీ మలమూత్రాలకు పెట్టిన ట్రేలో కూర్చుని, అరుస్తూ, చుక్క కూడా పోయలేకపోతుంటే దారి మూసుకుపోయిందని అర్థం. తెల్లారేదాకా ఆగకండి. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది.

విరేచనాలు ఒకటి రెండు రోజులవైతే యాంటీబయాటిక్ అక్కర్లేదు. మెట్రోనిడజోల్ మన ఇళ్లలో ఎప్పుడూ దొరుకుతుంది కదా అని వేస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది.

ఇక చీముగడ్డ. గండు పిల్లులు కొట్లాడుకున్నప్పుడు సూదిలాంటి కోరపన్ను లోపలికి దిగుతుంది. పైన చర్మం ఒక రోజులో మూసుకుంటుంది, లోపల చీము పడుతుంది. మెడ మీదో, చెంప మీదో, తోక మొదట్లోనో మెత్తగా, వేడిగా గడ్డ తగులుతుంది. దీనికి అసలు వైద్యం కోసి చీము తీసి, సెలైన్‌తో లోపల కడగడం. చీము అట్లాగే ఉంచి ఎంత మందు వేసినా లోపలికి సరిగ్గా చేరదు. శుభ్రంగా కడిగితే చాలా గడ్డలు తక్కువ మందుతోనో, అసలు మందు లేకుండానో మానిపోతాయి. ఇంట్లో పిండకండి. పసుపు ముద్ద పెట్టకండి, చీము బయటికొచ్చే దారి మూసుకుంటుంది. నొప్పికి పారాసిటమాల్ అస్సలు వద్దు. మనకు మామూలు గోళీ అది, పిల్లికి ఒక్కటి చాలు చంపడానికి.

రెండో పని: వాడిన మందుల చరిత్ర రాసుకోవడం

దవాఖానకు పోయేటప్పుడు గత మూడు నెలల్లో పిల్లికి ఏం వేశారో, ఎన్ని రోజులు వేశారో ఒక కాగితం మీద రాయండి. ఖాళీ స్ట్రిప్పులు ఉంటే అవే పట్టుకుపోండి. ఊళ్లో ఎవరైనా ఇంజెక్షన్ వేసి ఉంటే దాచకుండా చెప్పండి. ఇంట్లో ఎవరైనా ఈ మధ్య ఆసుపత్రిలో ఉండి వచ్చారా, ఎవరికైనా మానని పుండు ఉందా, డయాలసిస్ నడుస్తోందా అన్నది కూడా పశువుల డాక్టర్‌కు చెప్పాలి. ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.

మూడో పని: కల్చర్ టెస్ట్. మందు కన్నా ముందు

ఈ మొత్తంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. గడ్డ తిరగబెట్టినా, ఒక మందు మూడు రోజులు వేసినా మార్పు లేకపోయినా, రెండో మందు అడగకండి. కల్చర్ అడగండి. చీములో ఏ బ్యాక్టీరియా ఉందో ల్యాబ్‌లో పెంచి, ఏ మందుకు చస్తుందో చూసే పరీక్ష ఇది. రిపోర్టుకు మామూలుగా రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఐదు రోజులు పడుతుంది. మూడు మందులు మార్చిన ఖర్చు, పిల్లి పడ్డ అవస్థ లెక్కేస్తే ఈ టెస్ట్ ఖరీదు పెద్దదేమీ కాదు.

శాంపిల్ తీసే తీరులోనే సగం ఫలితం ఉంది. పుండు పైపైన దూది రుద్దితే చర్మం మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా వస్తుంది, అసలు దొంగ దొరకదు. పైన తుడిచి, లోపలి చీమును సూదితో లాగడమో, లోతు నుంచి స్వాబ్ (శాంపిల్ తీసే దూది పుల్ల) తీయడమో చేయాలి. మూత్రమైతే ట్రేలో నుంచి ఎత్తింది కల్చర్‌కు పనికిరాదు. డాక్టర్ కడుపు మీద నుంచి సన్నని సూదితో నేరుగా మూత్రాశయం నుంచి తీస్తారు. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ పిల్లులు దాన్ని బాగానే ఓర్చుకుంటాయి. వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే శాంపిల్ తీయాలి. మొదలై ఉంటే ఆ సంగతి ఫారం మీద రాయించండి.

ఎక్కడ చేస్తారు? ముందు మీ జిల్లా కేంద్రంలోని పశువుల దవాఖానలో అడగండి. అక్కడ కుదరకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఉంది. పాలమూరు నుంచి పోయేవాళ్లకు షాద్‌నగర్, శంషాబాద్ దాటి ఆరాంఘర్ దగ్గర దిగితే దగ్గరే. నల్లగొండవాళ్లు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పట్నం చేరి అవతలి వైపుకు పోవాలి. ముందు ఫోన్ చేసి శాంపిల్ ఏ రోజు తీసుకుంటారో కనుక్కోండి. శనివారం తీసిన శాంపిల్ సోమవారం దాకా ఎవరూ ముట్టకుండా ఉండిపోవడం కన్నా, సోమవారమే తీయించడం మేలు. మూత్రం శాంపిల్‌ను ఐస్ ప్యాక్‌తో చల్లగా ఉంచి 24 గంటల్లోపు చేర్చాలి. స్వాబ్‌ను దాని ట్యూబులోనే ఉంచండి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. నల్లగొండ ఎండకు అందులోని బ్యాక్టీరియా చచ్చి, "ఏమీ పెరగలేదు" అని రిపోర్టు వస్తుంది.

మనుషుల ల్యాబ్‌లో ఇస్తే అది పిల్లి శాంపిల్ అని ఖచ్చితంగా రాయించండి. కుక్కల్లో, పిల్లుల్లో ఉండే సూడింటర్మీడియస్ అనే స్టాఫ్ రకాన్ని మామూలు పరీక్షలో మనుషుల్లో ఉండే ఆరియస్ అనే స్టాఫ్ రకంగా పొరబడే అవకాశం ఉంది. రెండిటిలో మందుకు లొంగని గుణాన్ని తేల్చే పద్ధతి కూడా వేరు.

రిపోర్టు చేతికొచ్చాక

మందుల పేర్ల పక్కన ఎస్, ఐ, ఆర్ అని అక్షరాలుంటాయి. ఎస్ అంటే పనిచేస్తుంది. ఆర్ అంటే పనిచేయదు. ఐ అంటే మామూలు డోసులో దాన్ని నమ్ముకోలేం. కొన్ని రిపోర్టుల్లో ఎంఐసీ అని, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో చెప్పే అంకెలు కూడా ఉంటాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. అన్నిట్లో చిన్న అంకె ఉన్న మందే గొప్పదని అనుకుంటారు. ఒక మందు అంకెను ఇంకో మందు అంకెతో పోల్చకూడదు. ప్రతి మందుకూ హద్దు వేరు. ఎస్ అని ఉన్నవాటిలో పిల్లికి ఏది సురక్షితం, ఏది ఆ భాగానికి బాగా చేరుతుంది, ఏది చిన్న మందు అన్నది చూసి డాక్టర్ ఎంచుకుంటారు.

చిన్న మందు పనిచేస్తుంటే పెద్ద మందు అడగకండి. "మంచి పవర్‌ది రాయండి సార్" అనే మాట మన దవాఖానల్లో రోజూ వినపడుతుంది. మనుషులకు చివరి ఆధారంగా దాచుకున్న మందులు ఉంటాయి. గడ్డ మానడానికి వాటిని ఖర్చుచేస్తే, రేపు ఐసీయూలో మనవాళ్లకే అవి పనిచేయకుండా పోతాయి. ప్రభుత్వం కూడా అందుకే 2014 మార్చి 1 నుంచి సెఫిక్సిమ్, సెఫ్‌ట్రియాక్సోన్ లాంటి మందులను షెడ్యూల్ హెచ్1 కింద పెట్టింది. చీటీ లేకుండా అమ్మకూడదు. షాపువాళ్లు డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలి. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత కనిపిస్తే, అది సొంతంగా కొనుక్కునే మందు కాదని గుర్తు.

మందు వేసే పద్ధతి

పిల్లిని తూకం వేయించి, ఆ బరువుకు రాసిన డోసే వేయాలి. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే మందు డోసు మించితే పిల్లికి చూపు పోతుంది, తిరిగి రాకపోవచ్చు. డాక్సీసైక్లిన్ గోళీ నీళ్లు లేకుండా వేసి గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక కాలిపోయి ముడుచుకుపోతుంది. అందుకే గోళీ వేసిన వెంటనే సూది తీసేసిన సిరంజితో ఐదారు ఎం.ఎల్. నీళ్లు పెదవి పక్క నుంచి మెల్లగా పట్టండి, లేదా కాస్త తిండి పెట్టండి. ఈ రెండు మందులనూ పాలల్లో కలపకూడదు. పాలలోని కాల్షియం మందును పట్టేసుకుంటుంది, ఒంటికి సరిగ్గా అందదు. మందు వేస్తున్నా తగ్గట్లేదు అనే ఇళ్లలో పాలు కలపడం ఒక కారణం కావచ్చు. ఉడికించిన చికెన్ ముక్కలో దాచి పెట్టండి.

డాక్టర్ ఐదు రోజులు రాస్తే ఐదు, ఏడు రాస్తే ఏడు. బాగుందని రెండో రోజు ఆపకండి, భయంతో మీ అంతట మీరు ఇంకో వారం పొడిగించకండి కూడా.

ఇల్లు శుభ్రం చేయడం: ముందు ఫినాయిల్ పక్కన పెట్టండి

మొండి బ్యాక్టీరియా అనగానే మనవాళ్లు చేసే మొదటి పని ఇల్లంతా ఫినాయిల్ కొట్టడం. ఇది ప్రమాదం. పిల్లి కాలేయం ఫినాల్ జాతి రసాయనాలను విడగొట్టి బయటికి పంపలేదు. తడి నేల మీద నడిచి, పాదాలు నాకి, విషం మింగుతుంది. పైన్ నూనెతో చేసిన తెల్ల ఫినాయిల్ కూడా పనికిరాదు, డెట్టాల్ కూడా వద్దు. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడేవి ఏవీ పిల్లి తిరిగే చోట వాడకండి.

చేయాల్సింది రెండు అంచెలు. మొదట మామూలు సబ్బునీళ్లతో లేదా డిటర్జెంట్‌తో రుద్ది కడగండి. మురికి ఉంటే ఆ తర్వాత వేసే క్లోరిన్ శక్తి మురికికే సరిపోతుంది. పైగా మూత్రం మీద నేరుగా బ్లీచ్ పోస్తే ఘాటైన విషవాయువు వస్తుంది. రెండో అంచెలో, 4 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని లీటరు నీళ్లకు 30 ఎం.ఎల్. చొప్పున కలిపి, ట్రే, తిండి గిన్నెలు, పిల్లి పడుకునే గట్టు, తలుపు గడియల మీద పూసి పది నిమిషాలు తడిగా ఉంచండి. తర్వాత మంచినీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే పిల్లిని వదలండి. కిటికీలు తెరిచి చేయండి. బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి. కలిపిన నీళ్లు ఆ రోజుకే, మర్నాటికి మళ్లీ కొత్తగా కలపాలి.

దుప్పట్లు, బొంతలు వేడి నీళ్లలో ఉతికి మిద్దె మీద నిండు ఎండలో ఆరేయండి. మన ఎండ ఈ ఒక్క విషయంలో మనకు పెద్ద సాయం. ఇంటి లోపల నీడలో మాత్రం స్టాఫ్ బ్యాక్టీరియా పొడి వస్తువుల మీద నెలల తరబడి కూడా బతకగలదు. అందుకే సోఫా మీద ఉతకగలిగే పాత దుప్పటి పరచి, దాన్నే మారుస్తూ ఉండండి. పుండు మానేదాకా పిల్లిని ఒకే గదిలో ఉంచితే కడగాల్సిన చోటు తగ్గుతుంది.

ట్రేలోని మలం రోజూ తీయాలి. చేతులకు గ్లవ్స్, తీశాక సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవడం. గర్భిణులకు ఈ పని అప్పజెప్పకండి. టాక్సోప్లాస్మా అనే వేరే ముప్పు కూడా అందులో ఉంటుంది. ట్రేను, గిన్నెలను వంటింటి సింకులో కడగడం మానేయండి.

ఇంట్లో ఎవరికి జాగ్రత్త కావాలి?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పిల్లి పక్కన ఉన్నంత మాత్రాన మామూలుగా ఏమీ కాదు. పసిపిల్లలు, పెద్దవయసువాళ్లు, క్యాన్సర్ మందులు, డయాలసిస్ నడుస్తున్నవాళ్లు, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు, యూరిన్ పైపు ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అన్నిటికన్నా నాకు భయం కలిగించేది షుగర్ ఉన్న నాయనమ్మల కాళ్లు. మధ్యాహ్నం మంచం మీద ఆమె నడుం వాలిస్తే పిల్లి కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకుంటుంది. పాదంలో స్పర్శ ఉండదు. మడమ పగులులోనో, వేళ్ల సందులోని పుండునో పిల్లి నాకుతున్నా ఆమెకు తెలియదు. పుండుకు రోజూ కట్టు మార్చి, సాక్సు వేసి, ఆ కొన్ని వారాలు పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి. ఆ పుండు ఎర్రబడినా, చీము పట్టినా డాక్టర్‌కు "మా ఇంట్లో పిల్లికి ఈ బ్యాక్టీరియా వచ్చింది" అని చెప్పి, పిల్లి రిపోర్టు కాపీ కూడా చూపించండి. ఏ మందు వేయాలో తేల్చుకోవడానికి అది ఉపయోగపడుతుంది.

మందు వేసేటప్పుడు పిల్లి కరిచినా, గీరినా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు దవాఖానకు పోండి. పిల్లి కాటు పైకి చిన్న చుక్కలా ఉన్నా లోతుగా దిగుతుంది, చేతి మీద అయితే ఒక రోజులోనే వాస్తుంది. రేబిస్ టీకా సంగతి కూడా డాక్టరే తేల్చాలి.

పిల్లిని వదిలేయకండి

రిపోర్టు చూసి భయపడి మార్కెట్ యార్డు దగ్గరో, బైపాస్ పక్కనో వదిలి వచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. వదిలేస్తే ఆ బ్యాక్టీరియా ఊరంతా తిరుగుతుంది, మానని పుండుతో ఆ జీవి చస్తుంది. పుండు మానాక కూడా కొన్ని పిల్లులు ఏ జబ్బూ లేకుండా ఎంఆర్‌ఎస్‌ఏను ముక్కులోనో, చర్మం మీదో మోస్తాయి. మళ్లీ మళ్లీ అంటకుండా చూసుకుంటే చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. దానికోసం ప్రత్యేకంగా యాంటీబయాటిక్ వేయాల్సిన పని లేదు.

తర్వాతి రోజుల్లో చేయాల్సింది కొంచెమే. చికెన్ సెంటర్‌లో ఇచ్చే పచ్చి పేగులు, కాళ్లు అట్లాగే వేయకండి. పచ్చి మాంసం తినే పిల్లుల మలంలో ఈఎస్‌బీఎల్ బ్యాక్టీరియా ఎక్కువగా కనిపిస్తుంది. ఉడికించి పెడితే ఆ బెడద ఉండదు. మగపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కొట్లాటలు తగ్గుతాయి, గడ్డలు కూడా తగ్గుతాయి. జలుబు వైరస్‌లకు, రేబిస్‌కు టీకాలు సమయానికి వేయించండి. మందు కోర్సు అయ్యాక పుండు ఒకసారి డాక్టర్‌కు చూపించండి. మూత్రం కేసైతే మళ్లీ కల్చర్ కావాలా అని అడగండి. మిగిలిన గోళీలుంటే మోరీలో పోయకండి, బీరువాలో దాచకండి. వాడేసిన ట్రే మట్టిలో కలిపి, కవరులో గట్టిగా కట్టి చెత్తలో వేయండి. కల్చర్ రిపోర్టును మాత్రం టీకాల కార్డుతో కలిపి పెట్టుకుని, తర్వాత ఎప్పుడు ఏ డాక్టర్ దగ్గరికి పోయినా మొదట దాన్నే చూపించండి.